ఎవరిపట్ల, ఎక్కడ, ఎన్నిసార్లు

నాకు అనుమానం ఎక్కువ. ఇది మా ఆయన ముప్ఫై ఏళ్ళుగా అంటున్న మాట, నేను ముప్ఫై ఏళ్ళుగా కొట్టిపారేస్తున్న మాట. పాలవాడు నీళ్ళు కలిపాడా, పెళ్ళిలో ఎప్పుడూ పలకరించని చుట్టం ఇవాళ ఎందుకు పలకరించింది, ఇలాంటివి నాకు మొహం చూస్తే తెలిసిపోతాయి. బరంపురంలో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. వెనక బెంచీలో ఎవరు నవ్వినా బోర్డు మీద రాస్తూనే పేరు పెట్టి పిలిచేదాన్ని. అలాంటి నా ఇంట్లోనే నాకు తెలియకుండా ఏదో జరుగుతోందని, అది చేపలావిడకి తెలుసని, మూడు నెలలు తిండి సయించక తిరిగాను.

ఇదంతా ఫోన్లో సత్సంగంతో మొదలయింది. అత్తగారు మంచాన పడ్డ ఏడాది ఇల్లు కదలడానికి లేకపోయేది, అప్పుడు చేరాను. గురువుగారు ఆంధ్రాలో ఎక్కడో ఉంటారు, మేమెవ్వరమూ ఆయన్ని తెర మీద తప్ప చూడలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి మాట్లాడతారు. గ్రూపు నడిపేది మాత్రం విశాఖపట్నంలో ఉండే ఒక రిటైర్డు ఇంజనీరు, అడ్మిన్ గారు అంటాం. ప్రతి శనివారం అందరూ ఆ వారంలో తాము చేసిన తప్పు ఒకటి రాసి గ్రూపులో పెట్టాలి. దాని పేరు పరిశీలన. దానికి మూడు ప్రశ్నలు. తప్పు ఎవరిపట్ల, ఎక్కడ, ఎన్నిసార్లు. ఈ మూడింటికీ జవాబు లేకపోతే అడ్మిన్ గారు కింద "స్పష్టత లేదు" అని రాసేవారు. ఆ పద్ధతి నాకు తెగ నచ్చింది. ఎర్రసిరా పెన్ను పట్టుకుని చాలా రోజులైంది మరి.

మా ఊళ్ళో ఒక చిక్కుంది. తెలుగు మాట్లాడేవాళ్ళకి కొదవలేదు, చదివేవాళ్ళే తక్కువ. ఒడియా బడుల్లో చదువుకున్నవాళ్ళు, అసలు బడికే వెళ్ళనివాళ్ళు ఎక్కువ. అందుకని మా వైపు వాళ్ళు తమ పరిశీలనని నోటితో చెప్పి ఫోన్లో నాకు పంపేవారు. నేను దాన్ని తెలుగులో రాసి గ్రూపులో పెట్టేదాన్ని. రాయడమంటే ఉన్నదున్నట్టు కాదు. ఏటి, సూడు, ఎల్లు అన్నవన్నీ తీసేసి, అతుకులు సరిచేసి, మూడు ప్రశ్నలకీ సరిపడేలా చక్కజేసేదాన్ని. ఇంట్లో నేనూ ఏటి అనే మనిషినే గానీ, రాతలో కనిపిస్తే విశాఖపట్నం వాళ్ళు నవ్వుతారని నా బెంగ. నేను రాసింది వాళ్ళు చదవలేరు గనక ఏం మార్చానో ఎవరికీ తెలిసేది కాదు. పాపం, అందరూ నాకు దణ్ణాలు పెట్టేవారు.

చేపలావిడది మాకు దగ్గర్లోనే సముద్రం ఒడ్డున రామయ్యపట్నం. వారానికి రెండుసార్లు పొద్దున్నే ఆటోలో మా పేట అంకులికి వస్తుంది. మా వీధిలో అయిదారిళ్ళకి పన్నెండేళ్ళుగా ఆవిడే చేపలు పోస్తోంది. వీధి గుమ్మం వైపు రాదు. పెరటి తలుపు తోసుకుని వచ్చి, తూము దగ్గర పీట వేసుకుని చేప కోసి, కడిగి, గిన్నెలో వేసి వంటింటి గుమ్మంలో పెట్టి వెళ్తుంది. కొడుకు కేరళలో పడవల మీద పనికి వెళ్ళిన కొత్తలో ఆవిడ బెంగతో చిక్కిపోతుంటే నేనే ఫోన్ తీసుకుని సత్సంగంలో చేర్చాను. "ఇనడానికి బాగున్నాది టీచరమ్మా" అనేది గానీ పరిశీలన ఎప్పుడూ చెప్పేది కాదు. "నానేటి తప్పు సేస్తాను, మీ ఈదిలో బేరాలకి తప్పు సెయ్యడానికి ఏటి మిగుల్తాది" అని నవ్వేది.

అత్తగారు పోయి రెండేళ్ళు దాటాక ఒక శనివారం ఆవిడ గొంతు వచ్చింది ఫోన్లో.

"టీచరమ్మా, ఇయ్యేల నాది రాయండి. నానొకలింట్లో ఒకటి సూసినాను. సూడనట్టు ఒచ్చీసినాను. సెప్పాల్సినోలికి సెప్పనేదు. అది లోపల ముల్లులాగున్నాది. అంతే, ఇంకేటీ నేదు."

వెంటనే ఫోన్ చేశాను. ఎవరింట్లో అన్నాను. "అది ఒగ్గీండి" అంది. మా వీధేనా అన్నాను. "మీ ఈదే" అని, గంజి పొంగుతోందని పెట్టేసింది.

నాకు వెంటనే మా ఇల్లే తట్టింది. మా ఆయన రిటైరయినప్పటినుంచీ డాబా మీద కుర్చీ వేసుకుని ఫోన్ చూసి తనలో తనే నవ్వుకుంటున్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను అంత నవ్వు చూడలేదు. నేను మెట్లెక్కిన చప్పుడవగానే ఫోన్ బోర్లా పెట్టేస్తారు. ఎదురింటావిడ ఈమధ్య కరివేపాకు కావాలంటే నన్ను పిలవకుండా ఆయన్నే పిలుస్తోంది. పోనీ ఇది నా పిచ్చి అనుకుందామంటే, పెరటిదారిన వచ్చే మనిషి కళ్ళకి వీధి గుమ్మంలో వచ్చేవాళ్ళకి కనబడనివి కనబడతాయి కదా. ఆవిడ ఏదో చూసింది. చూసి నాకు చెప్పలేదు.

ఆ కుతకుతలోనే ఆవిడ పరిశీలన రాయడానికి కూర్చున్నాను. ఇలా రాశాను. "నేను చేపలు అమ్మే వీధిలో ఒక ఇంట్లో, ఆ ఇల్లాలికి తెలియకుండా జరుగుతున్న పని ఒకటి చూశాను. ఆ ఇల్లాలికి చెప్పకుండా వచ్చేశాను."

ఇల్లాలు అన్న మాట ఆవిడ నోట రాలేదు. నేను పెట్టాను. స్పష్టత కోసమే పెట్టానని ఆ పూట ఎవరడిగినా ప్రమాణం చేసి ఉండేదాన్ని.

గ్రూపులో గొడవ మొదలయింది. అడ్మిన్ గారు షరామామూలుగా "స్పష్టత లేదు, ఎవరిపట్ల?" అని రాశారు. మా ఎదురింటావిడా గ్రూపులో ఉంది, ఎప్పుడూ నోరెత్తదు, ఆ రోజు ఇంత పొడుగు రాసింది. చేపలావిడ తన మనసు తను చూసుకుంది, పేర్లు మనకెందుకు, పరిశీలన అంటే పోలీస్ స్టేషనా అని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈవిడకెందుకు ఇంత ఉలుకు అనుకున్నాను. "స్పష్టత లేని పరిశీలన మనల్ని మనం మోసం చేసుకోవడమే" అని జవాబు రాశాను. దానికి ముప్ఫై మంది దాకా దణ్ణం బొమ్మలు పెట్టారు. ఇంకో పాతిక మంది ఎదురింటావిడకి పెట్టారు. తర్వాత వారం అంతా అదే. కొందరు లోపల తెలిస్తే చాలంటారు, కొందరు బయటికి చెప్పనిది లోపలా తెలియనట్టే అంటారు. గురువుగారు ఆరింటికి వచ్చి దీపం గురించి, అద్దం గురించి ఏదో చెప్పారు. రెండు పక్షాల వాళ్ళూ అది తమవైపే అని మురిసిపోయారు.

మా వీధిలో సంగతి వేరు. గ్రూపులో మాట చెవినపడి, చేపలు కొనే ఇల్లాళ్ళందరూ మొగుళ్ళని ఒక కంట కనిపెట్టడం మొదలెట్టారు. మూలింటావిడ నన్ను పట్టుకుని, "మీకు చెప్పే ఉంటాది టీచరుగారూ, మా ఇల్లు కాదు కదా" అంది. నేను తల అడ్డంగా ఊపాను. అడ్డంగా ఊపితే కాదనో, చెప్పననో ఆవిడకి తెలియలేదు. నాకూ అదే కావలసింది.

ఆ వారం చివర, ఆదివారం వీడియో సమావేశంలో అడ్మిన్ గారు నేను రాసిన ఆ రెండు ముక్కలూ అందరిముందూ పైకి చదివారు. చదివి, "అమ్మా, రామయ్యపట్నం సోదరి ఉన్నారా, మీరే పూర్తి చేయండి. ఎవరిపట్ల? ఎక్కడ? ఎన్నిసార్లు?" అన్నారు. తెర మీద అందరి మొహాలూ బిగుసుకున్నాయి. ఆవిడ వీడియో పెట్టలేదు. గాలి చప్పుడు, దూరంగా ఎవరో పిల్లని కేకేస్తున్న చప్పుడు వచ్చింది. తర్వాత ఆవిడ గొంతు.

"ఇల్లాలికని నానననేదు బాబూ. ఆ మాట నాది కాదు."

"మరి ఎవరిదమ్మా?"

నేనే మైకు తెరిచి, అర్థం స్పష్టంగా ఉండాలని చిన్న మార్పు చేశానండీ అన్నాను. అడ్మిన్ గారు నా మాటే నిలబెట్టారు. టీచరుగారి ఉద్దేశం మంచిదే, మీరు దాచకండమ్మా అన్నారు. ఆవిడ పొద్దున్నకి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఆ వారం మా వీధికి రాలేదు. తర్వాత వారమూ రాలేదు. మిగతా ఇళ్ళకి ఇంకెవరో కుర్రావిడ చేపలు తెచ్చింది.

రాకపోవడంతో నా అనుమానం రెట్టింపయింది. మా ఆయన్ని భోజనాల దగ్గర నిలదీశాను. "చేపలావిడ మనింట్లో ఏటి చూసింది?"

"ఏటి సూస్తాది, సేపల్ని సూస్తాది" అన్నారు, ముద్ద కలుపుతూ.

"నవ్వులాట కాదు. దేనికా నవ్వులు డాబా మీద?"

"నువ్వు కిందున్నావని" అన్నారు. ఏ మాటకామాటే, మనిషికి ఆ వెటకారం మొదట్నుంచీ ఉంది. కానీ అప్పుడు నాకది తప్పించుకోడంలాగే తోచింది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ తీసి చూశాను. ఒడియా కామెడీ వీడియోలు, ఒకదాని వెనక ఒకటి, గంటలు గంటలు. మరొకరైతే ఊపిరి పీల్చుకునేవారు. నేను మాత్రం మిగతావన్నీ తుడిచేసి ఉంటారు అనుకున్నాను.

మూడో నెలలో ఇక పట్టలేక, బజారుకని చెప్పి బస్సెక్కి రామయ్యపట్నం వెళ్ళాను. పన్నెండేళ్ళుగా ఆవిడ మా ఇంటికి వస్తోంది గానీ నేను వాళ్ళింటికి ఎప్పుడూ వెళ్ళలేదు. అడుగుతూ వెళ్తే చూపించారు. ఇంటి ముందు పరిచిన పట్టా మీద చిన్నచేపలు ఎండుతున్నాయి. పంచలో నులకమంచం మీద ముసలామె, ఆవిడ తల్లి, గోడకి ఆనించి కూర్చోబెట్టారు. చేపలావిడ చెంచాతో గంజి పోస్తోంది. ముసలామె సగం మింగుతోంది, సగం గడ్డం మీదుగా కారిపోతోంది. ఆవిడ చెంగుతో తుడుస్తోంది, మళ్ళీ పోస్తోంది.

నన్ను చూసి లేవబోయింది. వద్దు కూర్చో అన్నాను. వచ్చిన కోపం వచ్చినట్టే ఉంది నాలో.

"మా ఆయన గురించేనా? ఉన్నదేటో సెప్పీ. నన్ను సూస్తే నీకు జాలేటి?"

దారంతా నేను కూడబెట్టుకున్న మంచి తెలుగు ఎటు పోయిందో తెలియదు. ఆవిడ తెల్లబోయింది.

"బాబుగారా? బాబుగారేటి సేసినారు? దేవుడులాటి మనిసి."

"మరి నాకు సెప్పాల్సింది దాసేవు కదా."

"మీకు సెప్పాల్సింది కాదు టీచరమ్మా. బాబుగారికి సెప్పాల్సింది."

గిన్నె కింద పెట్టింది. తల్లి మూతి తుడిచింది. నా మొహం చూడకుండా చెప్పింది, గొంతు పెంచకుండా.

"పెద్దమ్మగారు మంచాన ఉన్నప్పుడు. నాను సేప కడిగి గిన్ని అట్టుకుని ఒంటింటి గుమ్మంలోకొచ్చినాను. మీరు పెద్దమ్మగారికి అన్నం పెడతన్నారు. ఆయమ్మ ఉమ్మీసింది. మీరు సెంప మీద కొట్టినారు. రొండు దెబ్బలు. ఆయమ్మ ఏడవనేదు, అలాగే సూసింది మీ ఏపు. నాను గిన్ని గుమ్మంలో ఎట్టీసి ఒచ్చీసినాను."

"అబద్ధం" అన్నాను.

అన్నాను గానీ, ఆ గిన్నె నాకు తెలుసు. ఆ రోజు గుమ్మంలో గిన్నె ఉంది, ఎప్పుడూ "పెట్టినాను టీచరమ్మా" అని కేకేసే మనిషి కేక వెయ్యలేదు. అది నేను అప్పుడే గమనించాను. గమనించి, ఆవిడకి తొందర ఉంది కాబోలు అనుకుని ఊరుకున్నాను. అంత అనుమానం మనిషినీ, ఆ ఒక్కదాన్నీ అనుమానించలేదు.

ఆవిడ నా అబద్ధం అన్న మాటని పట్టించుకోలేదు. "నాను రాయమన్న ఆ వారం మాయమ్మ ఇలాగే ఉమ్మీసింది. నా సెయ్యి లేసింది. పైకి లేసినాక మీరు గుర్తొచ్చినారు. నానప్పుడే బాబుగారికి ఒక మాట సెప్పుంటే ఆయమ్మకి ఆ ఏడాది బాగా ఎల్లేది కదా అనిపించింది. సెప్పనేదు. మీరు నాకు మంచోలు, మా గుంటడు ఎల్లినప్పుడు నన్ను సూసుకున్నారు. అందుకే నోరు రానేదు. నా తప్పు నాను రాయమన్నాను. మీది రాయమన్నానా?"

నేను ఎండుతున్న చేపల వైపు చూశాను. ముసలామె నా వైపే చూస్తోంది. మా అత్తగారి చూపే అనిపించి, లేచి నిలబడ్డాను. సిగ్గు అంటే ఏమిటో అరవై దాటాక ఆ పంచలో తెలిసింది నాకు.

వస్తుంటే వెనకనుంచి అడిగింది, "ఇది కూడా సక్కజేసి రాసేస్తారేటి?" అని. వెటకారమో, నిజంగా భయమో చెప్పలేను. లేదు అన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో నా పాత పరిశీలనలు వెతికాను. అత్తగారి ఏడాదివి అన్నీ ఉన్నాయి. రిక్షా అతనితో కటువుగా మాట్లాడాను, ఫలానా రోజు, స్టేషను దగ్గర, ఒకసారి. చెల్లెలి చీర చూసి అసూయపడ్డాను, పెళ్ళిలో, రెండుసార్లు. అన్నీ అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయి. ఆ వారానిది దొరికింది. "అత్తగారికి అన్నం పెట్టే వేళ ఓర్పు కొంచెం సడలింది. గమనించుకున్నాను." అంతే. ఎవరి చెయ్యి, ఎవరి చెంప, ఏమీ లేదు. కింద అడ్మిన్ గారి జవాబు ఉంది. "ఎంత స్పష్టంగా చూసుకున్నారమ్మా, అందరూ ఇలా రాయాలి." దాని కింద దణ్ణాలు. ఇంతమందిని ఎవరిపట్ల అని అడిగిన మనిషి నన్ను అడగలేదు. నేను రాసిన తీరే అలాంటిది, అడగాలని తోచదు.

అక్కడే, బస్సు కుదుపుల్లో, గ్రూపులో రాశాను. "మంచాన ఉన్న మా అత్తగారిని చెంప మీద కొట్టాను. మా ఇంట్లో. ఒకసారి." పంపాను. అంకులి స్టాపు రాకముందే అది మాయమయింది. అడ్మిన్ గారు విడిగా రాశారు. "అమ్మా, మీ నిజాయితీ గొప్పది. కానీ ఇలాంటివి గ్రూపులో పెడితే వాతావరణం చెడుతుంది. కొంచెం మెత్తగా రాసి పంపండి, నేను పెడతాను." ఎదురింటావిడ మాత్రం తీసేసేలోగా చూసినట్టుంది. నేను వీధిలోకి రాగానే గేటు దగ్గర నిలబడి ఏదో అనబోయి, అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ మీద మూడు నెలలు నేను అనుకున్నవన్నీ గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

మా ఆయన డాబా మీద ఉన్నారు. నా మెట్ల చప్పుడికి ఫోన్ బోర్లా పెట్టారు. ఎదురుగా ఇంకో కుర్చీ ఉంది గానీ కూర్చోలేదు. చేపలావిడ ఊరు వెళ్ళొచ్చానని చెప్పాను. ఆవిడ చూసింది మిమ్మల్ని కాదు, నన్ను అన్నాను. "మీ అమ్మని కొట్టాను" అన్నాను. మెత్తగా చెప్పడానికి మాటలేవీ దొరకలేదు, దొరికినా వాడి ఉండేదాన్ని కాదనుకుంటాను.

ఆయన పిట్టగోడ వైపు చూశారు. మనిషి అరుస్తారనుకున్నాను. వెటకారం చేస్తారేమో అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఆయన ఏ సత్సంగంలోనూ లేరు, అడ్మిన్ గారెవరో ఆయనకి తెలియదు. ఫోన్ తీసి జేబులో పెట్టుకుని, నా వైపు తిరిగి అడిగారు.

"ఎన్నిసార్లు?"

ఒకసారి అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. గంట కిందట గ్రూపులో అదే రాశాను. చేపలావిడ చూసిందీ అదొక్కటే. ఆ మాట అనేస్తే ఆయన నమ్ముతారని కూడా తెలుసు, ముప్ఫై ఏళ్ళుగా ఆయన నన్ను దేనికీ అనుమానించలేదు.

"నాకు గుర్తున్నవి నాలుగు" అన్నాను.

ఆయన కాలితో రెండో కుర్చీని నా వైపు జరిపారు.

"కూర్చో. మొదటిది చెప్పు."